గవ్వల దేశంలో పగడపు మసీదులు

అష్టాచెమ్మా ఆడిన ప్రతి ఇంట్లోనూ నాలుగు గవ్వలు ఉంటాయి. పనికిరానిదాన్ని 'గుడ్డిగవ్వ' అంటాం గానీ, శతాబ్దాల పాటు బెంగాలులో ఆ గవ్వే నాణెం. అక్కడికి గవ్వలు ఎక్కువగా వచ్చింది మాల్దీవుల నుంచి. గవ్వలు ఓడల్లో పంపి, బదులుగా బియ్యం తెచ్చుకునేవారు. వరి పండని ఇసుక దీవులకు ఆ వ్యాపారమే అన్నం పెట్టింది.

ఆ దేశం మనకు దూరమేమీ కాదు. తిరువనంతపురం నుంచి సుమారు 600 కిలోమీటర్లు. అయినా ఈ మధ్య కొత్తగా పెళ్లయిన జంటలు అక్కడికి వెళ్లివచ్చి చూపించే ఫొటోల్లో నీటిమీద కట్టిన గదులు తప్ప మరేమీ కనపడవు. పౌరులంతా ముస్లిములైన దేశానికి వెళ్లి, ఒక్క అజాన్ వినకుండా తిరిగి రావడం మాకు వింతగానే తోస్తుంది. తప్పు వాళ్లది కాదు. 1972లో పర్యాటకం మొదలైనప్పటి నుంచి విడిదులను జనం లేని దీవుల్లోనే కట్టారు. ఊళ్లున్న దీవుల్లో అతిథి గృహాలు పెరిగింది 2009 తర్వాతే. కుటుంబంతో వెళ్లేవారు బస చేయవలసింది ఈ ఊళ్లలోనే అని మా అభిప్రాయం. అక్కడ మద్యం అమ్మరు. భోజనం హలాలా కాదా అని ఆరా తీయనక్కరలేదు. ఆడవాళ్లు ఒంటినిండా బట్టలతోనే సముద్రంలోకి దిగుతారు గనుక మన ఇంటి స్త్రీలను వింతగా చూసేవారు ఉండరు.

పొద్దున్నే 'మస్ హుని' పెడతారు. ట్యూనా చేప, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరపకాయ, నిమ్మరసం కలిపి, మన రొట్టె లాంటి 'రోషి'తో తింటారు. ఆ చేపలను వలలతో తోడెయ్యరు. గాలపు కర్రలతో ఒక్కొక్కటిగా పడతారు. సముద్రంలో ఏదో ఒకటి మిగలాలన్న తెలివి అందులో ఉంది. వారి దివేహి లిపి కూడా చూడదగ్గది. అరబ్బీలా కుడి నుంచి ఎడమకు రాస్తారు గానీ మొదటి తొమ్మిది అక్షరాలు పుట్టింది అరబ్బీ అంకెల నుంచి. అంకెలనే అక్షరాలుగా మలచుకున్న జాతులు ఎన్ని ఉంటాయి?

రాజధాని మాలేలో తప్పక చూడవలసింది హుకురు మిస్కి. ఆ మాటకు జుమా మసీదు అని అర్థం. 1658లో సుల్తాన్ ఇబ్రహీం ఇస్కందర్ కాలంలో కట్టారు. గోడలు పగడపు రాయివి. సముద్రంలోంచి తీసినప్పుడు ఆ రాయి మెత్తగా ఉంటుంది. కోసి ఆరబెడితే గట్టిపడుతుంది. సున్నం లేకుండా ఒక రాయిని మరో రాయిలోకి బిగించి పేర్చారు. వాటిమీద పూలు, తీగలు, ఖురాన్ వాక్యాలు చెక్కారు. లోపలికి వెళ్లినవారికి మరో సంగతి తెలుస్తుంది. పాత కట్టడపు పునాది మీద కట్టినందువల్ల భవనం పడమటికి తిరిగి ఉంది. అక్కడినుంచి ఖిబ్లా వాయవ్యాన. అందుకని సఫ్‌లు గోడకు సమంగా ఉండవు. తివాచీ చారలు ఏటవాలుగా పరచి ఉంటాయి, నమాజీలు గది మూలకు ముఖం చేసి నిలబడతారు. ఆవరణలోని సమాధి రాళ్లలో మొన తేలినవి మగవారివి, గుండ్రటివి ఆడవారివి.

1153లో ఇక్కడి రాజు ఇస్లాం స్వీకరించాడు. అంతకుముందు ఇది బౌద్ధుల దేశం. ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలో వచ్చి ఇక్కడ ఖాజీగా పనిచేశాడు. సుల్తానా ఖదీజా పాలననూ, జుమా ఖుత్బాలో ఆమె పేరు చదవడాన్నీ రాసిపెట్టాడు. ఆడవాళ్ల దుస్తుల విషయంలో తన మాట చెల్లలేదని కూడా ఆయనే రాసుకున్నాడు!

మసీదుకు రాయినిచ్చిన పగడమే దీవులకూ పునాది. పగడపు దిబ్బ బతికి ఉన్నంతకాలం అలను అడ్డుకుంటుంది, ఒడ్డుకు ఇసుకనిస్తుంది. సముద్రం వేడెక్కితే పగడం తెల్లబడి చచ్చిపోతుంది. 1998లో లోతు తక్కువ నీళ్లలోని పగడాల్లో చాలా భాగం అలాగే పోయింది. కోలుకుంటూ ఉండగా 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. దేశపు నేలలో 80 శాతానికి పైగా సముద్రమట్టానికి ఒక మీటరు కంటే ఎత్తు లేదు. 1987లో అలలు మాలేను ముంచెత్తాక జపాన్ సాయంతో చుట్టూ కాంక్రీటు అడ్డుకట్ట కట్టారు. అన్ని దీవులకూ అలా గోడ కట్టడం అయ్యే పనేనా? 2004 సునామీలో కందొల్హుదూ దీవి పాడైపోతే అక్కడి జనం ఏళ్ల తరబడి శిబిరాల్లో గడిపి, చివరకు దువాఫరు అనే మరో దీవిలో కాపురం పెట్టవలసి వచ్చింది. వదిలి వచ్చినవాటిలో తాతముత్తాతల సమాధులూ ఉన్నాయి.

ఈ వేడికి కారణమైన పొగలో ఆ చిన్న దేశం వాటా లెక్కలోకి రానంత తక్కువ. మనలాంటి యాత్రికులం ఎక్కే విమానాలకు మాత్రం వాటా ఉంది. వెళ్లవద్దని మేము అనడం లేదు, పర్యాటకమే వారికి ప్రధాన ఆదాయం. కానీ వెళ్లినవారు నీళ్లలో పగడం మీద కాలు మోపకూడదు. దాన్ని విరిచి తెచ్చుకోకూడదు. ప్లాస్టిక్ సీసాలు అక్కడ వదిలి రాకూడదు. మాలే పక్కన 1990ల మొదటి నుంచి చెత్త పోస్తూ పోస్తూ తిలఫుషి అనే దీవే తయారైంది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన తక్కువ, సముద్రం ప్రశాంతం. పెద్ద రెక్కల మాంటా చేపలు గుంపులుగా మేసే దృశ్యం కావాలంటే మాత్రం వానకాలంలో, జూన్ నుంచి నవంబరు లోపు, బా దీవులలోని హనీఫరు ఖాతానికి వెళ్లాలి. 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన చోటు అది. నీటిపైన ఈదుతూ చూడవచ్చు గానీ సిలిండరు కట్టుకుని దిగనివ్వరు. భారతీయులకు వీసా అక్కడ దిగాక ఉచితంగానే ఇస్తారు. దీవి నుంచి దీవికి తిప్పే చౌక ఫెర్రీలు శుక్రవారం సాధారణంగా నడవవు. ఆ రోజు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మసీదులోనే జుమా చదువుకునేలా ప్రయాణం పెట్టుకోవడం మేలు.