కవిత అడిగితే ఇంట్లో జవాబు ఎవరు చెప్పాలి?

"మీరు అసలు ఎక్కడివాళ్లు?"

విశాఖలో ఈ ప్రశ్న రోజూ వినిపించేదే. పోర్టు, స్టీల్ ప్లాంట్, నేవీ పనుల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి స్థిరపడ్డ ఊరిది. శ్రీకాకుళం వాళ్లు శ్రీకాకుళం అంటారు, ఒడిశా వాళ్లు ఒడిశా అంటారు, అక్కడితో సంగతి అయిపోతుంది. పిల్లాడి పేరు ఇమ్రానో, అమ్మాయి పేరు సనానో అయితే మాత్రం ఊరి పేరు చెప్పినా అవదు. "అది కాదు, అసలు ఎక్కడివాళ్లు?" అని మళ్లీ అడుగుతారు. "తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని ఇంకొకరు ఆశ్చర్యపోతారు. అడిగినవాళ్లందరికీ ద్వేషం ఉంటుందని కాదు, చాలామంది తెలియకే అడుగుతారు. కానీ స్నేహితులతో యారాడ బీచ్‌కి వెళ్లిన పిల్లాడికి ఆటల మధ్యలో ఆ మాట తగిలిందంటే, ఆ రోజు చూసిన సముద్రం మర్చిపోయినా ఆ మాట మర్చిపోడు.

ఇంటికొచ్చి చెప్తే పెద్దలు ఏమంటారో తెలిసిందే. "పట్టించుకోకు బేటా, చదువు మీద ధ్యాస పెట్టు." ప్రేమతోనే అంటారు. పిల్లలకి మాత్రం అది, ఈ సంగతి ఇంట్లో ఎత్తకూడదు అన్నట్టు వినిపిస్తుంది. తర్వాత వాళ్లు చెప్పడం మానేస్తారు.

ఇలా మూతపడ్డ మాటల్ని బయటికి తెచ్చిన కవితలు తెలుగులో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాయి. అవేంటో, ఎందుకు వచ్చాయో, పిల్లలతో కలిసి చదివితే పెద్దలు ఏం జవాబు చెప్పాలో చూద్దాం.

ఎప్పుడు మొదలైంది?

తెలుగులో ముస్లింలు రాయడం కొత్తేం కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డ. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా (1885-1945) పద్యాలు, నాటకాలు రాసి పండితుల మెప్పు పొందారు. అయితే "నేను ముస్లింని, ఈ నేల మీద నా బతుకు ఇలా ఉంది" అని సూటిగా చెప్పే కవిత్వం రావడానికి 1990లు పట్టింది.

అందులో ముందు చెప్పుకోవాల్సింది ఖాదర్ మొహియుద్దీన్ రాసిన దీర్ఘకవిత 'పుట్టుమచ్చ'. 1991లో వచ్చింది, అంటే బాబ్రీ మసీదు కూల్చివేతకు ముందే. పుట్టుమచ్చను ఎవరూ కోరి తెచ్చుకోరు, చెరిపినా పోదు. అనుమానం కూడా అలాగే పుట్టుకతో అంటించేశారు అన్నది ఆ కవిత వేదన. చరిత్ర పేరుతో చెప్పే కథలు ఒక పసివాణ్ణి ఎలా పరాయివాణ్ణి చేస్తాయో, క్రికెట్ మ్యాచ్ కూడా దేశభక్తికి కొలబద్ద ఎలా అవుతుందో అందులో ఉంది. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ రోజు క్లాసులో కూర్చున్న ఏ ముస్లిం పిల్లాడికైనా దాన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

1992 డిసెంబర్ 6 తర్వాత ఇలాంటి గొంతులు పెరిగాయి. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ముస్లింవాద కవితల సంకలనం 'జల్‌జలా' వచ్చింది. జల్‌జలా అంటే భూకంపం. 2002 గుజరాత్ మారణకాండ తర్వాత 'అజాఁ' సంకలనం వచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో కావలిలో ఒక పేద ముస్లిం ఇంటి పిల్లాడు పెరిగిన తీరును నవ్విస్తూ, మధ్యలో కళ్లు తడిపిస్తూ చెప్పారు. అవి కవితలు కావు, కథలు. కానీ పెరిగే వయసు గురించి పిల్లలకి చదివి వినిపించడానికి అంతకంటే దగ్గరి పుస్తకం దొరకడం కష్టం.

వీటన్నిటితో ఇంకో మేలు కూడా జరిగింది. అమ్మీ, అబ్బా, నానీమా, దస్తర్‌ఖాన్, ఫాతెహా లాంటి ఇంటి మాటలు తెలుగు అచ్చులోకి ఎక్కాయి. స్కూల్లో "అమ్మీ అంటే ఏంట్రా?" అని నవ్వించుకున్న పిల్లాడు అదే మాటను తెలుగు పుస్తకంలో చూస్తే, అది తప్పు మాట కాదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు.

దారి వేసినవాళ్లు ఇంకొందరు

ఈ కవిత్వం ఒంటరిగా రాలేదు. 1993లో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు', 1995లో దళిత కవితల సంకలనం 'చిక్కనవుతున్న పాట' వచ్చాయి. మా బతుకు మేమే చెప్పుకుంటాం అన్న ధైర్యం అక్కడ అప్పటికే కనిపించింది.

ఇంకా వెనక్కి వెళ్తే గుర్రం జాషువా ఉన్నారు. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో, గుడిలోకి రానివ్వని ఒక మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గబ్బిలానికి గుడిలో చోటుంది, తనకి లేదు. వివక్ష అంటే ఏంటో పిల్లలకి చెప్పడానికి ఈ ఒక్క ఊహ చాలు. అదే జాషువా 'ఫిరదౌసి' కావ్యంలో, బంగారు నాణేలు ఇస్తానని మాట తప్పిన సుల్తాన్ పక్కన కాకుండా మోసపోయిన కవి పక్కన నిలబడ్డారు. మన పిల్లలు ముందు మన కవుల్ని చదవాలి, నిజమే. అంటరానితనం అనుభవించిన కవిని చదివితేనే తమ బాధ ఒక్కటే బాధ కాదని కూడా తెలుస్తుంది.

ఇంటి లోపలికీ ఒక ప్రశ్న

ఈ కవితల్లో బయటివాళ్లను నిలదీసే భాగం మన ఇళ్లలో అందరికీ నచ్చుతుంది. చప్పట్లు కొడతాం, స్టేటస్ పెట్టుకుంటాం. ఇంటి లోపలికి వేలు చూపించే భాగం వచ్చేసరికి పేజీ తిప్పేస్తాం.

షాజహానా కవితా సంపుటి 'నఖాబ్' 2005లో వచ్చింది. సమాజం ముస్లిం స్త్రీని చూసే చూపును అడిగినంత గట్టిగా, ఇంట్లో మగవాళ్ల పెత్తనాన్ని కూడా ఆమె అడిగారు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల నుంచి వచ్చిన రచయితలు ఇంకో సంగతి ఎత్తారు. ఇంట్లో తెలుగే మాట్లాడే వాళ్లను "మీకు ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులు?" అని చిన్నచూపు చూసేది ఎవరు? బయటివాళ్లు కాదు, మనవాళ్లే. ప్రభుత్వ జాబితాలో దూదేకుల బీసీ-బిలో, 2007 చట్టంతో మరికొన్ని ముస్లిం వర్గాలు బీసీ-ఇలో ఉన్నాయి. అక్కడ అది రిజర్వేషన్ లెక్క. పెళ్లి సంబంధాల దగ్గర, దావత్‌లో కూర్చోబెట్టే చోట అదే లెక్క ఎక్కువ తక్కువలుగా మారితే దానికి వేరే పేరేం లేదు, అదీ వివక్షే.

బయట పిల్లాణ్ణి "అసలు ఎక్కడివాళ్లు" అని అడిగితే నొప్పి తెలుస్తుంది. ఇంట్లో మనం ఇంకొకళ్ల పిల్లల్ని "అసలు ముస్లింలేనా" అని అడుగుతుంటే ఆ నొప్పి గురించి పిల్లలకి ఏం నేర్పినట్టు? కవితకి నిజమైన జవాబు మొదలయ్యేది ఇక్కడే.

కవితకి కవితే జవాబు

కవిత విని "బాగుంది" అంటే అది మెప్పు మాత్రమే. జవాబు వేరు.

కవితకి కవితతో జవాబివ్వడం ఇస్లాం తొలి రోజుల్లోనే ఉంది. ప్రవక్త ముహమ్మద్ (స)ను దూషిస్తూ శత్రువులు కవితలు చెప్పినప్పుడు సహాబీ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కవితలతోనే తిప్పికొట్టారు. ఆయన కోసం మస్జిద్‌లో మింబర్ వేయించారని హదీసులు చెప్తున్నాయి.

మన కాలంలో చూస్తే, పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ 1964లో గుర్తింపు కార్డు మీద ఒక కవిత రాశారు. తనిఖీ చేసే అధికారి ముందు నిలబడి, నేనెవరో రాసుకో అని చెప్పే మనిషి గొంతు అది. యాభై ఏళ్లు దాటాక, 2016లో అస్సాంలో హాఫిజ్ అహ్మద్ ఆ కవిత స్ఫూర్తితో తానొక 'మియా'నని చాటుతూ కవిత రాశారు. అక్కడ బెంగాలీ మూలాలున్న ముస్లింలను తిట్టడానికి వాడే మాట అది. ఆయన కవితకి జవాబుగా ఇంకొకరు, వాళ్లకి జవాబుగా మరొకరు రాస్తూ పోయారు. దానికే మియా కవిత్వం అని పేరొచ్చింది. 2019లో పదిమంది మీద పోలీసు కేసు పెట్టే దాకా వెళ్లింది. మన దగ్గర 'తురకోడు' అన్న మాటను ఏ గొంతుతో అంటారో తెలిసినవాళ్లకి, తిట్టును పేరుగా తిప్పుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన ఒక కవితలో, క్లాసులో ఒకే ఒక్క నల్ల విద్యార్థి ఉంటాడు. నీ లోపలి నుంచి ఒక పేజీ రాసుకురా, అది నిజమవుతుంది అని మాస్టారు అంటారు. అది అంత తేలికా అని ఆ కుర్రాడు ఆలోచిస్తాడు. ఆ ఆలోచనే కవిత అయింది. మన పిల్లలకి ఇవ్వగలిగిన మంచి హోంవర్క్ అది.

ఇంట్లో ఎలా చదవాలి?

పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. ఆదివారం ఒక గంట చాలు.

ముందు కవితను గట్టిగా ఒకసారి చదవండి. అర్థం చెప్పేయకండి. "ఇందులో ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో?" అని అడగండి. తర్వాత "ఏ మాట దగ్గర ఆగావు?" అని అడగండి. పిల్లలు ఆగిన చోటే వాళ్ల అనుభవం ఉంటుంది.

"నీకెప్పుడైనా ఇలా అయిందా?" అని వెంటనే నిలదీయకండి. ముందు మీ సంగతి చెప్పండి. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదన్న రోజు అయినా సరే, రంజాన్‌కి పక్కింటివాళ్లు మన కోసం ఎదురుచూసిన రోజు అయినా సరే. రెండూ చెప్పండి. చేదు ఒక్కటే చెప్తే పిల్లలు భయపడతారు, తీపి ఒక్కటే చెప్తే నమ్మరు.

తర్వాత పది లైన్లు రాయమనండి. ప్రాస వద్దు, పెద్ద మాటలు వద్దు. ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయనివ్వండి. తెలుగులో ఉర్దూ కలిసినా దిద్దకండి. కవితతో ఒప్పుకోకపోయినా పర్లేదు, ఎందుకు ఒప్పుకోలేదో రాయమనండి. అడ్డు చెప్పాల్సింది ఒక్కచోటే. తిట్టుకి తిట్టు రాస్తే, "ఒక మతం వాళ్లందరూ ఇంతే" అని రాస్తే ఆపండి. మన మీద వేసిన ముద్రనే తీసి ఇంకొకళ్ల మీద వేస్తే ఆ కవితలు చదివి ఫలం లేదు.

పిల్లలు రాసింది వాళ్లని అడగకుండా వాట్సాప్‌లో పెట్టకండి. అది వాళ్ల మనసు. రాసిన దాంట్లో స్కూల్లో ఎవరో రోజూ వేధిస్తున్నారని తెలిస్తే మాత్రం దాన్ని కవితగా చూసి వదిలేయకండి. ఏ రోజు, ఎవరు, ఏమన్నారు అనేది తేదీలతో రాసి పెట్టుకుని టీచర్‌ని, హెడ్మాస్టర్‌ని కలవండి. ఓదార్చడం కవిత చేయగలదు, ఫిర్యాదు మాత్రం పెద్దవాళ్లే చేయాలి.

ఇంకా రాయని ఊరు

ఖమ్మం, నల్గొండ, నెల్లూరు ముస్లిం బతుకులు తెలుగు పుస్తకాల్లోకి వచ్చాయి. ఓడలు, ఉక్కు, కొండలు ఉన్న విశాఖ ముస్లిం బాల్యం అంతగా రాలేదు. రాయడానికి సరుకు లేక కాదు. హార్బర్ పక్కన మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద హజ్రత్ ఇస్‌హాక్ మదీనా దర్గా. ఈ ఊరి పేరు ఇస్‌హాక్‌పట్నం నుంచి వచ్చిందని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు, విశాఖేశ్వరుడి పేరు మీద వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. ఆ కొండల ఎదురుగా కాలువ అవతల డాల్ఫిన్స్ నోస్, దాని వెనక యారాడ. ఓడలో వచ్చేవాళ్లకి కొండలన్నీ కనిపిస్తాయి. ఏది అసలు విశాఖ అని ఎవరూ అడగరు.

"మీరు అసలు ఎక్కడివాళ్లు?" అన్నదానికి ఇక్కడి పిల్లలు రాయగలిగే జవాబు అందులోనే ఉంది. మొదటి లైన్ రాయడానికి వాళ్లకి కావలసింది ఒక నోట్‌బుక్, కోప్పడకుండా వినే అమ్మీ అబ్బా.