శిశువుల ఊపిరి నెరిగిన వైద్యురాలు

నెలలు నిండకయే పుట్టిన బిడ్డ కొలది గడియలకే ఎగయూపిరి పట్టి, రెండు మూడు దినములలో కన్నుమూయుట మన పెద్దలలో ననేకులు చూచియే యుందురు. ఆ మరణమునకు కారణము కనుగొన్నది మేరీ యెలెన్ ఎవరీ యను అమెరికా వైద్యురాలు.

ఈమె 1927లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. పొరుగింటి శిశువైద్యురాలిని చూచి బాల్యముననే వైద్యవిద్యపై మనసు నిలిపెను. 1952లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున పట్టము పొందిన కొలది కాలమునకే క్షయ సోకెను. ఊపిరితిత్తుల యందు ఆమెకు శ్రద్ధ కుదిరినది అప్పుడే. రోగము నేర్పిన చదువనవచ్చును!

బోస్టను నగరమున జీర్ మీడ్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, అట్లు మరణించిన శిశువుల ఊపిరితిత్తులను పరీక్షించెను. ఆరోగ్యము గల ఊపిరితిత్తులలో నురుగు కానవచ్చును, వీనిలో లేదు. కుంకుడురసము కలిపిన నీరు బుడగలు కట్టుట మన మెరుగుదుము గదా. వట్టి నీటికి బిగువెక్కువ. రస మా బిగువును తగ్గించును. ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తులకు లోపలి తడియందు అట్టి జిడ్డుపదార్థ మొకటి కలదు. అది గర్భవాసపు కడపటి వారములలో గాని తగినంత ఊరదు. అది లేనిచో, ఊపిరి విడిచినప్పుడెల్ల తిత్తులు ముడుచుకొనిపోవును. బిడ్డ ప్రతి శ్వాసకును తొలిశ్వాసకు పడినంత ప్రయాస పడవలసినదే.

1959లో వారీ సంగతి ప్రకటించిరి. కారణము తెలిసినను మందు దొరకలేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీకి పుట్టిన మగబిడ్డ యీ వ్యాధిచేతనే 39 గంటలకు పోయెను. 1980లో జపాను వైద్యుడు ఫ్యూజీవారా, పశువుల ఊపిరితిత్తులనుండి తీసిన యా పదార్థమును పసివారి శ్వాసనాళమున పోయగా, వారి ఊపిరి కుదుటపడెను. దానిని చూచు భాగ్యము ఎవరీకి కలిగెను. ఆమె 2011 వరకు జీవించెను.

నేడు నెలలు నిండకమున్నే నొప్పులు వచ్చిన తల్లికి వైద్యులొక సూదిమందు నిచ్చుచున్నారు. కడుపులోని బిడ్డకు ఆ జిడ్డు త్వరగా ఊరుటకే యది. పని చేయుటకు దానికొక దినమైనను వ్యవధి కావలెను. నొప్పులు కనబడినంతనే ఆసుపత్రికి పొమ్మనుట అందులకే.