ముఖచర్మ శోథ: కారణములు, జాగ్రత్తలు

ముఖము ఎల్లప్పుడును ఎండకును, గాలికిని, దుమ్మునకును ఎదురుగా నుండును. అచ్చటి చర్మము పలుచనిది. అందుచేత చేతులకు, కాళ్లకు హాని చేయని పదార్థము సైతము ముఖమున మంటను, దురదను, ఎఱ్ఱదనమును కలిగింపగలదు. ఈ స్థితినే చర్మశోథ యందురు.

దీనికి కారణములు పెక్కు. యౌవనమున నూనెగ్రంథుల రంధ్రములు మూసికొనిపోయి మొటిమలు లేచును. రొసేషియా యను వ్యాధిలో చెక్కిళ్లును, ముక్కును ఎఱ్ఱబడును. ఎండ, పొయ్యి సెగ, మిక్కుటమగు కారము, మద్యము దానిని రేపును. చామనచాయ, నలుపు మేనులపై ఆ ఎఱ్ఱదనము స్పష్టముగా గానరాదు గనుక మంటను, వెచ్చదనమును బట్టి గుర్తింపవలసి యుండును. తలకు నల్లరంగు వేసికొనిన ఒకటి రెండు దినములకు కనురెప్పలు వాచి, నుదుట దురద పుట్టినచో, ఆ రంగునందలి పారాఫెనిలిన్ డయమైన్ అను రసాయనము కారణము కావచ్చును. కృత్రిమవర్ణములు కలిపిన కుంకుమయు, బొట్టుబిళ్లల జిగురును కొందఱికి సరిపడవు. బొట్టు పెట్టుకొను చోట దురద గాని, తెల్లమచ్చ గాని కనబడినచో దానిని వెంటనే మానవలెను.

వీనికంటె మిన్నగా జాగ్రత్త వహింపవలసిన కారణము మఱియొకటి కలదు. అది మనము కోరి కొనితెచ్చుకొనునది. పెండ్లి కుదిరిన కన్యకు ఇరుగుపొరుగువారెవరో ఒక పూతమందు పేరు చెప్పుదురనుకొందము. అందు బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్ ఉండును. పూసిన కొలది దినములలో మొటిమలు తగ్గి, ఛాయ తేఱినట్లు తోచును. స్టెరాయిడు రక్తనాళములను ముడుచుకొనజేయుటయే ఆ తెలుపునకు ఒక కారణము. నెలల తరబడి వాడగా చర్మము పలుచబడును, సన్నని ఎఱ్ఱని నాళములు బయటపడును, మొటిమలు విజృంభించును, మోమున నూగు పెరుగును. మందు మానినంతనే ముఖము మండి వాచును. మరల పూసిన శాంతించును. ఆ శాంతిని చూచి, మందు మేలు చేయుచున్నదని భ్రమించి, బాధితులు దానికి బానిసలగుదురు.

చర్మవ్యాధులలో వైద్యుని సలహాపై, మితకాలము వాడినచో స్టెరాయిడు ఉపయోగకరమైన ఔషధమే. దుర్వినియోగమును అరికట్టుటకై కేంద్రప్రభుత్వము 2018వ సంవత్సరమున 14 స్టెరాయిడు పూతమందులను షెడ్యూలు హెచ్ నందు చేర్చినది. అట్టి వానిని వైద్యుని చీటి లేక అమ్మరాదు; కొనరాదు.

పాఠకులు ఈ క్రింది సూచనలను పాటింతురు గాక. పూతమందు గొట్టముపై నున్న పేర్లను చదువుడు. ఇతరులకు వ్రాసిన మందును వాడకుడు. ఇదివఱకే వాడుచున్నచో, సంకోచింపక ఆ గొట్టమును వైద్యునికి చూపుడు. ఎట్లు మానవలెనో ఆయన చెప్పును. సువాసన ద్రవ్యములు లేని తేలిక సబ్బును వాడి, ముఖమును గట్టిగా రుద్దక కడుగుకొనుడు. ఎండవేళ గొడుగు పట్టుడు. పెదవులు వాచి ఊపిరి ఆడకున్నను, కంటిలో నొప్పి కలిగినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

నలుపు వ్యాధి కాదు. దానికి చికిత్స అక్కఱలేదు. ఈ మాటను తల్లిదండ్రులు తమ బిడ్డలకు చిన్ననాటనే చెప్పినచో అనేక ముఖములు ఈ బాధనుండి తప్పించుకొనును.