తుంటి విరిగితే తొలి రోజే కీలకం

స్నానాల గదిలో కాలు జారడం, రాత్రి చీకట్లో లేచి తూలిపోవడం... పెద్దవాళ్ల తుంటి విరిగేది ఎక్కువగా ఇలాగే. ఈ కేసుల్లో నూటికి 90కి పైగా పడిపోవడం వల్ల వచ్చేవే. ఆ వెంటనే ఇంట్లో వినపడే మాట: ‘ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా?’

ఏడాదిలో 20 నుంచి 30 మంది: తుంటి విరిగిన పెద్దల్లో ప్రతి నూరు మందికీ ఏడాది తిరిగేలోగా చనిపోతున్న వారి సంఖ్య ఇది. చాలామంది ప్రాణం తీసేది మంచాన పడ్డాక వచ్చే న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి. కట్టు కట్టి పడుకోబెడితే అతుక్కుంటుందనుకోవద్దు. తుంటి చుట్టూ ఉండే బలమైన కండరాలు విరిగిన ముక్కను పైకి లాగేస్తాయి. పైనుంచి వేసే కట్టు దాన్ని ఆపలేదు.

రెండు రకాల ఆపరేషన్లు: తొడ ఎముక మెడ విరిగి పక్కకు జరిగితే, పైనున్న బంతిలాంటి భాగానికి రక్తం సరిగా అందకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లకు బంతినే మారుస్తారు. మెడకు కింద విరిగితే రాడ్, స్క్రూలతో బిగిస్తారు.

36 గంటలు: ఈ గడువులోపు ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్య నిపుణుడికీ చూపిస్తే ఆస్పత్రికి అదనపు సొమ్ము ఇచ్చే పద్ధతిని ఇంగ్లండ్ 2010లో తెచ్చింది.

2,970 మంది: భారత్ సహా 17 దేశాల్లో ఇంతమందిపై సాగిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. ఎముక విరిగిందని తేలాక ఒక వర్గానికి సుమారు 6 గంటల్లో, మరో వర్గానికి సుమారు 24 గంటల్లో ఆపరేషన్ జరిగింది. 90 రోజుల్లో మరణాలు 9, 10 శాతం. అంటే పెద్ద తేడా లేదు. కానీ త్వరగా చేసినవారిలో మతి తప్పి అయోమయపడడం 12 నుంచి 9 శాతానికి తగ్గింది. వాళ్లు ముందుగా లేచి నడిచారు. 24 గంటలు ఆగడం వేరు, బీపీ, షుగర్ పేరుతో వారాలు వాయిదా వేయడం వేరు.

మర్నాడే: వైద్యులు వద్దంటే తప్ప, ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టాలి. నొప్పి తగ్గేదాకా పడుకోనిస్తే కండ కరిగిపోతుంది.

2,127 మంది: ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు, ఎముకలను బలపరిచే జోలెడ్రోనిక్ ఆమ్లం అనే మందు మొదలుపెట్టి, ఏడాదికోసారి ఎక్కిస్తే ఏమవుతుందో 2007లో వచ్చిన అధ్యయనం చూపింది. కొత్తగా ఎముకలు విరగడం 13.9 నుంచి 8.6 శాతానికి, మరణాలు 13.3 నుంచి 9.6 శాతానికి తగ్గాయి.

అమ్మనో తాతయ్యనో ఆస్పత్రిలో చేర్పిస్తే మూడు ప్రశ్నలు మరవకండి. ఆపరేషన్ ఎప్పుడు? నడిపించేది ఎప్పుడు? మళ్లీ విరగకుండా ఏ మందు ఇస్తున్నారు? వాళ్లు ఇంటికొచ్చేలోపు స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక కడ్డీ, మంచం పక్కన ఒక దీపం పెట్టించండి.