విద్యుత్ కారులో గాలి హోరు

మా ట్రేసీ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు విద్యుత్ కార్లు ఎక్కువైన దగ్గరనుంచీ శనివారం విందుల్లో ఒక ఫిర్యాదు తరచు వినబడుతోంది. "ఊళ్ళో నడుపుతుంటే పూజగదిలో కూర్చున్నట్టు ఉంటుందండీ. ఫ్రీవే ఎక్కి 65 దాటేసరికి మాత్రం ఎవరో కిటికీ తెరిచినట్టు ఒకటే హోరు. అంత డబ్బు పోసి కొన్నాం!" దీనికి పక్కనున్నవాళ్ళ దగ్గర జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఇంజను లేదు కనక వినబడుతోందని ఒకరు, అద్దాలు పల్చన అని ఇంకొకరు, బరువు తగ్గించడానికి లోపలి మెత్తలు తీసేశారని మరొకరు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేస్తున్నది సాఫ్ట్‌వేరు. మనవాళ్ళలో సగంమంది కథ ఇదే కాబట్టి వివరించక్కరలేదు. ఎప్పుడో చదివి అటకెక్కించిన ద్రవగతిశాస్త్రం పుస్తకం దుమ్ము దులపడానికి నాకు ఈ హోరు ఒక సాకుగా దొరికింది.

కదిలే కారులో చప్పుడు మూడు చోట్లనుంచి పుడుతుంది: కారుని నడిపే యంత్రం, రోడ్డుని రాసుకునే టైరు, ఒంటిని ఒరుసుకునే గాలి. తక్కువ వేగంలో యంత్రానిది పైచెయ్యి. ఊరి రోడ్ల మీద 30, 40 మైళ్ళ దగ్గర టైర్లది. ఫ్రీవే మీద గాలిది. పెట్రోలు కారులో ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి, నెమ్మదిగా, చేతులు మార్చుకుంటాయి. విద్యుత్ కారులో మొదటిది దాదాపు లేదు. అందుకని చెవికి తెలిసేది చప్పుడు ఎంత అన్నదానికన్నా ఎంత మారింది అన్నది. సందులో నిశ్శబ్దానికి అలవాటుపడ్డ చెవికి ఫ్రీవే హోరు పెద్దదిగా తోస్తుంది. నిజానికి 70 మైళ్ళ వేగంతో నిలకడగా వెళుతున్న మంచి పెట్రోలు కారులో కూడా ఇంజనుది చిన్న పాత్రే. మొత్తం డెసిబెళ్ళు కొలిస్తే రెండు కార్లకీ పెద్ద తేడా ఉండకపోవచ్చు.

అయితే ఇంజను పోవడంతో ఒక తెర తొలగిందన్న మాటలో నిజం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకి 100 సార్లు పేలుళ్ళు జరుగుతాయి. అంటే 100 హెర్ట్జ్ మంద్రస్వరం ఒకటి ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. మంద్రస్వరాలు తమకన్నా పై స్థాయిలో ఉన్న చిన్నచిన్న చప్పుళ్ళని కప్పేస్తాయి. తంబురా ఆపేస్తే గాయకుడి ఊపిరి కూడా వినబడినట్టు, ఇంజను ఆగిపోయేసరికి అన్నీ బయటపడ్డాయి. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ తయారుచేసినప్పుడు ఇంజనీర్లకి వైపర్ మోటారు చప్పుడే పెద్ద తలనొప్పి అయింది. అంతకుముందు కార్లలోనూ వైపర్ మోటార్లున్నాయి. ఎవరూ వినలేదు, అంతే.

ఇక గాలి సంగతి. 1952లో లైట్‌హిల్ జెట్ ఇంజన్ల ధ్వని మీద రాసిన సిద్ధాంతాన్ని 1955లో కర్ల్ అనే శాస్త్రవేత్త గట్టి ఉపరితలాలకి అన్వయించాడు. దాని సారాంశం: నిలిచిన వస్తువుని ఒరుసుకుంటూ సుడులు తిరిగే గాలి పుట్టించే ధ్వనిశక్తి వేగం యొక్క ఆరవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి 64 రెట్లు, అంటే 18 డెసిబెళ్ళు. 60 నుంచి 75కి పెంచితే దాదాపు నాలుగు రెట్లు, అంటే సుమారు 6 డెసిబెళ్ళు. గాలి నిరోధాన్ని నెట్టడానికి మైలుకి కావలసిన శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది కాబట్టి అదే మార్పుకి సగం పైచిలుకు పెరుగుతుంది. బ్యాటరీ తరిగిపోతోందని వాపోయేవాళ్ళు చెవికి ఇంకెంత ఖర్చవుతోందో లెక్క వేసుకోవచ్చు.

ఇక్కడ వేగం అంటే స్పీడోమీటరు చూపించే వేగం కాదు, గాలికీ కారుకీ మధ్యనున్న వేగం. ఆల్టమాంట్ కనుమ దాటి రోజూ ఉద్యోగాలకి వెళ్ళే మాబోటివాళ్ళకి ఇది అనుభవం. ఆ కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. వేసవి సాయంత్రం సముద్రం వైపునుంచి వచ్చే చల్లగాలి ఆ కనుమలోంచి లోయలోకి దూసుకుపోతుంది. ఆ గాలి గంటకి 20 మైళ్ళనుకుందాం. ఆఫీసునుంచి తూర్పుగా ఇంటికి వస్తుంటే 65 మైళ్ళ కారుకి తగిలే గాలి 45 మైళ్ళే. అదే సాయంత్రం లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి పడమటగా బయలుదేరితే 85. లెక్క ప్రకారం రెండింటికీ తేడా 16 డెసిబెళ్ళ పైమాట. అదే కారు, అదే రోడ్డు, స్పీడోమీటరు మీద అదే అంకె. టైర్ల చప్పుడు మారదు కనక చెవికి అంత తేడా తెలియదు కాని, "పొద్దున్న బాగానే ఉంది, సాయంత్రానికి ఏదో ఊడింది" అని సర్వీసు సెంటరుకి పరుగెత్తేముందు జెండా ఎటు ఎగురుతోందో చూడటం మంచిది.

ఈ హోరు పుట్టే స్థలాలు చాలా కొద్ది. ముందు అద్దానికీ పక్క అద్దానికీ మధ్య ఏటవాలుగా ఉండే స్తంభాన్ని ఎ-పిల్లర్ అంటారు. ముందు అద్దం మీదనుంచి పక్కకి జారిన గాలి ఆ అంచు దగ్గర చుట్టచుట్టుకుని, తాడు పేనినట్టు సుడిగా మారి, సరిగ్గా డ్రైవరు చెవి పక్కనున్న అద్దాన్ని బాదుతుంది. దానికి తోడు అక్కడే పక్క అద్దం, అదే సైడు మిర్రరు, దాని వెనక ఇంకో సుడి. కొత్త విద్యుత్ కార్లు ఇంత నున్నగా ఉన్నాయి కదా అంటారు. నున్నదనం బ్యాటరీ కోసం. మెర్సిడెస్ ఇ-క్యూ-ఎస్ నిరోధ గుణకం 0.20 అని ప్రకటనల్లో చూస్తాం. నిరోధంలో పెద్ద భాగం కారు వెనక మిగిలే ఖాళీ వల్ల వస్తుంది. చప్పుడు చెవి పక్కనున్న అంగుళాల మేర వస్తువుల వల్ల వస్తుంది. ఒకటి తగ్గినంత మాత్రాన రెండోది తగ్గాలని లేదు. లీఫ్ దీపాలు కప్ప కళ్ళలా ఉబ్బి ఉండటానికి కారణం, ముందునుంచి వచ్చే గాలిని చీల్చి మిర్రర్లకి దూరంగా మళ్ళించడమే. మిర్రర్లు తీసేసి కెమెరాలు పెట్టుకోవడం ఐరోపాలో, జపానులో చట్టసమ్మతం. అమెరికా నిబంధనలు ఇంకా మిర్రర్లే ఉండాలంటున్నాయి.

హోరు వేరు, ఊళ వేరు. చిన్నప్పుడు టెలిగ్రాఫు స్తంభానికి చెవి ఆనించి తీగల పాట విన్నవాళ్ళకి ఊళ తెలుసు. గుండ్రని తీగ వెనక సుడులు ఎడమొకటి కుడొకటిగా క్రమం తప్పకుండా రాలుతాయి. సెకనుకి ఎన్ని రాలతాయో 1878లోనే స్ట్రౌహల్ కొలిచాడు: గాలి వేగాన్ని తీగ మందంతో భాగించి, అందులో అయిదోవంతు. 4 మిల్లీమీటర్ల తీగ మీద సెకనుకి 5 మీటర్ల గాలి వీస్తే 250 హెర్ట్జ్. కారు కప్పు మీద సామాను కోసం బిగించిన 3 సెంటీమీటర్ల గుండ్రటి కడ్డీకి 70 మైళ్ళ దగ్గర సుమారు 200 హెర్ట్జ్. కొన్ని కార్ల ఏంటెన్నాకి తీగ చుట్టినట్టు మెలిక ఉంటుంది, చూశారా? సుడులన్నీ ఒకేసారి రాలకుండా చెదరగొట్టడానికే. అవసరం తీరిన కప్పు కడ్డీలు విప్పి గరాజులో పెట్టుకోండి.

బయట పుట్టింది లోపలికి ఎలా వస్తుంది? తలుపు రేకు రెండు పొరలు, మధ్యలో ఖాళీ, లోపల మెత్త. అది ఫరవాలేదు. బలహీనమైనది అద్దం. మామూలు గాజు తన బరువు కొద్దీ ధ్వనిని ఆపుతుంది కాని, ఒక్కొక్క మందానికి ఒక్కొక్క పౌనఃపున్యం దగ్గర గాజులోని వంపు అలలు బయటి ధ్వనితో జత కలిసి దాన్ని లోపలికి పిలుస్తాయి. 4 మిల్లీమీటర్ల గాజుకి ఇది 3,000 హెర్ట్జ్ ప్రాంతం. మన చెవి అతి సున్నితంగా ఉండేదీ అక్కడే. రెండు పల్చటి గాజుల మధ్య మెత్తటి ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తే ఆ కంపనాలు చల్లబడతాయి. 2023 చివర వచ్చిన టెస్లా మోడల్ 3 మార్పుల్లో చుట్టూ ఇలాంటి అద్దాలే వేశారు. మీ కారులో ఏముందో తెలుసుకోవాలంటే పక్క అద్దం సగం దించి పై అంచు చూడండి. గాజు మధ్యలో సన్నగీత కనిపిస్తే రెండు పొరలది.

రెండో దారి రబ్బరు సీలు. వేగంగా పారే గాలి పక్క అద్దం మీద పీడనాన్ని తగ్గిస్తుంది, తలుపు పై అంచు వెంట్రుకవాసి బయటికి లాగబడుతుంది, సీలు అంతమేర వదులవుతుంది. మా మిత్రుడొకాయన కారులో కుడిపక్క 60 దాటగానే సన్నటి ఈల వచ్చేది. అమ్మినవాళ్ళు "ఈ మోడలు లక్షణమే అంత" అన్నారు. ఒక ఆదివారం గోడలకి రంగులేసేవాళ్ళు వాడే నీలం టేపు తెచ్చి ఆ పక్కనున్న సందులన్నీ మూసేశాం. ఈల లేదు. సగం పీకాం. లేదు. మిగిలినదాంట్లో సగం పీకాం. వచ్చింది! ప్రోగ్రాములో తప్పు వెతికే పద్ధతే ఇది. నాలుగు ప్రయాణాల్లో మిర్రరు మొదట్లో ఉన్న ముక్కోణపు బిళ్ళ దగ్గరికి చేరాం. దాని కింద రబ్బరు మడతపడి ఉంది. టేపు ముక్కతో సహా ఫొటో చూపిస్తే అదే సర్వీసు సెంటరువాళ్ళు పది నిమిషాల్లో సరిచేశారు. టేపు అంచులు లేవకుండా నొక్కాలి, కెమెరాలని మూయకూడదు, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వినాలి.

ఇంత శ్రద్ధ నాకు కలగడానికి కారణం మా అమ్మ. ఆవిడకి 74. ఆర్నెల్లకని వస్తుంది. ఇంట్లో మేమిద్దరం లాప్‌టాప్‌ల ముందు ఉంటాం, పిల్లలు తమ గదుల్లో. అందరం ఒక్కచోట కూర్చునేది కారులోనే. ఊళ్ళో ఉన్నంతసేపూ అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. ఫ్రీవే ఎక్కితే మౌనం. ట్రాఫిక్ ఆగిపోతే మళ్ళీ మొదలు! బయట దృశ్యాలు చూస్తోందనుకునేవాళ్ళం. ఒకరోజు "అమ్మా, ఏసీ చాలా?" అన్నాను. "పాలా? ఇప్పుడు పాలెందుకురా?" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, ఆ తరవాత లివర్‌మోర్ వచ్చేదాకా మాట్లాడలేదు.

పాలు, చాలు, కాలు. అచ్చులు ఒకటే, మొదటి హల్లు మాత్రమే వేరు. మాటలో బలమంతా అచ్చుల్లో, తక్కువ పౌనఃపున్యాల్లో ఉంటుంది. హల్లుల గుర్తులు చాలా వరకు 2,000 హెర్ట్జ్ పైన, సన్నగా, క్షణకాలం ఉంటాయి. 1955లో మిల్లర్, నైస్‌లీ అనే ఇద్దరు 16 ఇంగ్లీషు హల్లులని రకరకాల హోరులో వినిపించి చూశారు. ప-బ తేడా, మ-ప తేడా హోరులో కూడా చాలాసేపు నిలబడ్డాయి. ముందుగా పోయింది ప-త-క తేడా, అంటే నోట్లో ఏ చోట పలుకుతున్నామన్నది. ఇంగ్లీషుకి లేని ట-త తేడా, ళ-ల తేడా ఉన్న మన భాషకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందని నా అనుమానం. వయసుతో మొదట తగ్గేది కూడా పై పౌనఃపున్యాల వినికిడే. పైగా నడిపేవాడి మాట ముందు అద్దానికేసి పోతుంది, హల్లులు మరీను. వెనక సీట్లో కిటికీ పక్కన, 3,000 హెర్ట్జ్ దగ్గర కారుతున్న గాజుకి చెవి ఆనించి కూర్చున్న మనిషికి చేరేది అచ్చుల వరస మాత్రమే. చెవి యంత్రం పెట్టుకున్నా అది హోరుని కూడా కలిపే పెంచుతుంది.

హెడ్‌ఫోనుల్లోలాగా ఎదురుధ్వనితో హోరుని రద్దు చెయ్యలేరా అని అడిగేవారున్నారు. కొన్ని కార్లలో అది ఉంది, టైర్ల గుడగుడకి పనిచేస్తుంది. 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు. అలలో పదోవంతు మేర రద్దు నిలుస్తుందనుకుంటే తల అంతా ఆ జాగాలో పడుతుంది. 2,000 హెర్ట్జ్ అల 17 సెంటీమీటర్లు. అందులో పదోవంతు బొటనవేలంత కూడా లేదు. తల తిప్పితే పోయింది. హెడ్‌ఫోను చెవికే అంటుకుని ఉంటుంది కనక దానికి ఆ బాధ లేదు.

కాబట్టి మేము చేసినవి చిన్నవి. అమ్మని వెనక సీట్లో మధ్యన, రెండు అద్దాలకీ దూరంగా కూర్చోబెట్టాం. ఆవిడతో మాట్లాడవలసినవాళ్ళు పక్కన కూర్చుంటారు. గుడికి వెళ్ళేటప్పుడు ఫ్రీవే వదిలి, కొండల మధ్యనుంచి పోయే పాత ఆల్టమాంట్ రోడ్డు పడతాను. 45 దాటను. 65తో పోలిస్తే గాలి చప్పుడు లెక్కప్రకారం 9 డెసిబెళ్ళకి పైగా తక్కువ, ప్రయాణం కొన్ని నిమిషాలు ఎక్కువ. నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో బాపట్లలో అద్దెకున్న ఇల్లు, ఆ ఇంటివారి గొడవ, రెండేళ్ళుగా సగంలో ఆగిపోతూ వచ్చిన ఆ కథ మొన్న ఆ రోడ్డు మీదే పూర్తయింది.

కొత్త కారు కొనబోయేవారికి ఒక్క మాట. అమ్మేవారు మిమ్మల్ని ఊళ్ళో నాలుగు సందులు తిప్పి, "చూశారా ఎంత నిశ్శబ్దమో" అంటారు. అక్కడ ఏ విద్యుత్ కారైనా నిశ్శబ్దమే. గంటకి 30 కిలోమీటర్ల లోపు అది మరీ నిశ్శబ్దంగా ఉండి పాదచారులకి ప్రమాదమని, బయటికి చప్పుడు చెయ్యాలంటూ అమెరికా ప్రభుత్వం 2016లో నిబంధనే తెచ్చింది. ఫ్రీవే ఎక్కిస్తేనే కొంటామని చెప్పండి. పాట ఆపండి, ఫ్యాను తగ్గించండి, ఇంట్లో పెద్దవారిని వెనక కిటికీ పక్కన కూర్చోబెట్టి, ముందు సీట్లోంచి తల తిప్పకుండా మామూలు గొంతుతో "చాలు" అనండి. ఏం వినబడిందో అడగండి.