శంకుస్థాపన రాళ్లతోనే ఆనకట్ట లేస్తే?

పాత పేపర్లను మన ఊళ్లలో ఎవరూ పారెయ్యరు. బజ్జీల పొట్లం కడతారు, గూట్లో పరుస్తారు. సంఘం ఆఫీసుల్లో అయితే మేము కట్టలు కట్టి దాస్తాం. కూలి రేట్ల మీద రైతులతో కూర్చున్నప్పుడు, ఫలానా ఏడు ఎవరేమన్నారో చూపించడానికి అక్కరకొస్తాయి. ఆ కట్టలు తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. మొదటి పేజీ వార్తలు మారుతుంటాయి గానీ లోపలి చిన్న శీర్షికలు మారవు. "ఎరువుల కొరత లేదు", "పంట నష్టం అంచనాకు బృందం", "ప్రాజెక్టు పనులు వేగవంతం", "మిగులు భూములు త్వరలో పేదలకు". ఏ ఏటి పేపరు చూసినా ఇవే. వీటిని ఇట్లాగే మరో యాభై ఏళ్లు సాగనిస్తే ఏమవుతుందో కాస్త ఊహించి చూద్దాం.

ముందు శంకుస్థాపన సంగతి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ రాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆలస్యమైనా నీళ్లంటూ వచ్చాయి. పోలవరానికి 1981లో అంజయ్య ముఖ్యమంత్రిగా వుండగా రాయి వేశారు. 2004 తర్వాత రాజశేఖర రెడ్డి హయాంలో మళ్లీ పని మొదలైంది. 2014లో జాతీయ ప్రాజెక్టు అన్నారు. ఈ లెక్కన 2075 నాటికి ఇంజనీర్లకు ఒక ఉపాయం తడుతుంది. రాష్ట్రంలో వేసిన శంకుస్థాపన రాళ్లన్నీ ఏరుకొచ్చి గోదావరికి అడ్డంగా పేరుస్తారు. ఆనకట్ట లేచి కూర్చుంటుంది! ప్రతి రాయి మీదా మంత్రుల పేర్లుంటాయి గనుక చేపలకు అక్షరాలు కూడా వస్తాయి. ఆ నీటి కింద ఊళ్లు పోయే కోయ, కొండరెడ్డి కుటుంబాలకు మాత్రం "పునరావాసం త్వరలో" అన్న శీర్షికే మిగులుతుంది.

ఇక ఎరువులు. కొరత లేదని మంత్రిగారు చెప్పిన రోజునే సొసైటీ ముందు చెప్పుల వరుస కనిపిస్తుంది. ఎండకు నిలబడలేక రైతు తన చెప్పులనో, పాసుపుస్తకాన్నో వరుసలో పెట్టి చెట్టు కింద కూలబడతాడు. 2075లో ఆ చెప్పులు తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిగా వస్తాయి. పెళ్లిచూపుల్లో "అబ్బాయికి ఎన్నెకరాలు?" అని ఎవరూ అడగరు. "వరుసలో మీవాళ్ల చెప్పులు ఎన్నో నెంబరండీ?" అంటారు. పాసుపుస్తకం లేని కౌలుదారు పిల్లవాడికి అప్పుడూ పిల్లనివ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం తెచ్చారు, 2019లో మరొకటి తెచ్చారు. రెండోదాని ప్రకారం భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. పెట్టే యజమాని ఎవడో మీ ఊళ్లో వెతికి చూడండి.

పంట నష్టం బృందం కథ ఇంకా బాగుంటుంది. తుపానుకు వరి పడిపోయిన ఏడు బయలుదేరిన బృందం 2075లో ఊరు చేరుతుంది.

"తాతా, పడిపోయిన చేను ఎక్కడ?"

"అది మా తాత చేను బాబూ. దొరికిన గింజలు అప్పుకింద పోయాయి. మిగిలిన అప్పు మా నాన్నకొచ్చింది, ఆయన్నుంచి నాకొచ్చింది. చేనయితే లేదు గానీ అప్పు భద్రంగా వుంది, చూపించమంటారా?"

"నష్టం కనిపించలేదు" అని రాసుకుని బృందం జీపెక్కుతుంది.

చివరికి భూమి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో భూ గరిష్ట పరిమితి చట్టం 1973లో వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలన్నారు. నేలను బట్టి తరి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించింది పేదలకు పంచాలి. ఈలోగా భూములు పాలేళ్ల పేర, పుట్టని పిల్లల పేర, ఆఖరికి పెంపుడు కుక్కల పేర ఎక్కాయని ఊళ్లలో చెప్పుకునేవారు. 2075లో ఆ కుక్కల మనవలు కోర్టుకెక్కుతారు. డిక్రీ వాళ్లకే వస్తుంది. అప్పుడా కుక్కలు ఏమంటాయి? "మేము దున్నలేం. దున్నేవాడికే ఇచ్చేయండి" అంటాయి. వందేళ్లుగా దొరలకు తట్టని న్యాయం వాటికి తడుతుంది.

నవ్వులకేం గానీ, శీర్షికలన్నీ ఉత్తవే అని మేమనడం లేదు. కిలో రెండు రూపాయల బియ్యం 1983లో నిజంగానే ఇంటికొచ్చింది. ఉపాధి హామీ మహారాష్ట్రలో 1970లలోనే మొదలైంది. అది దేశమంతటికీ చట్టం కావడానికి 2005 దాకా పట్టింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలుపెట్టారు. కరువు పనుల కోసం తట్టలు పట్టుకుని రోడ్డెక్కిన జనం ఆ శీర్షిక వెనక వున్నారు. పదిహేను రోజుల్లో కూలి చేతికి రావాలని ఆ చట్టంలో రాశారు. అదీ ఊరికే కాలేదు. రాసినదాన్ని వదిలేసిన చోటల్లా "ఉపాధి బకాయిలు త్వరలో" అన్న కొత్త శీర్షిక పుట్టింది.

అందుకని మేము చెప్పేది చిన్న పని. మీ ఊరికి సంబంధించి "త్వరలో" అన్న మాట పేపర్లో పడితే ఆ ముక్క కత్తిరించండి. వెనక తేదీ వెయ్యండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి. ఏడాది తిరిగాక నలుగురూ కలిసి దాన్ని గ్రామసభలో అధికారి బల్ల మీద పెట్టండి. "అయ్యా, ఈ త్వరలో ఎప్పుడు?" అని అడగండి. జవాబు కూడా రాయించుకోండి.