ఐపీ పెడితే అప్పు పోతుందా?

దోహా ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో గురువారం రాత్రి ఫోన్లు చాలాసేపు నడుస్తాయి. మర్నాడు డ్యూటీ ఉండదు కదా! సగం మాటలు అప్పు గురించే. జగిత్యాల వాడైనా, రాయచోటి వాడైనా, రాజోలు వాడైనా కథ ఒక్కటే. వీసాకు తెచ్చిన అప్పు, ఇల్లు కట్టడానికి తెచ్చిన అప్పు, చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు. నేను లాయరును కాదు. సివిల్ డిప్లొమా చదివి సైట్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నవాణ్ని. కానీ నా కింద పనిచేసే కుర్రాళ్లు స్లాబు గురించి అడిగేదానికన్నా దీని గురించి అడిగేదే ఎక్కువ. అందుకే తెలిసిన వకీళ్లను అడిగి, చట్టాలు చదివి రాసుకున్న సంగతులివి.

"అన్నా, ఊళ్లో ఐపీ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా?" అని చాలామంది అడుగుతారు. అంత సులువు కాదు తమ్ముడూ. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చిన మాట నిజమే. అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమలు చేశారు. మనలాంటి వాళ్లకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. పిటిషన్ వేసిన రోజునే అప్పు పోదు. కోర్టు దివాలా ప్రకటిస్తే మన ఆస్తి రిసీవర్ చేతికి వెళుతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు. తర్వాత కోర్టు పెట్టిన గడువులోగా మళ్లీ అడిగి విడుదల ఉత్తర్వు తెచ్చుకోవాలి. అడక్కపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. ఈ మధ్యలో ఖతర్ డబ్బుతో ఊళ్లో ప్లాటు కొన్నా అది కూడా రిసీవర్ లెక్కలోకే పోతుంది.

ఐపీకి ముందు పొలం బావమరిది పేరున రాసేస్తే సరి అనుకునేవాళ్లూ ఉన్నారు. వెనకటి రెండేళ్లలో అలా ఊరికే రాసిచ్చిన ఆస్తిని కోర్టు వెనక్కి తీసుకోగలదు. మోసం చేసి తెచ్చిన అప్పు, సర్కారు బాకీ ఐపీతో పోవు. ఇంకో సంగతి, అప్పులవాళ్లను ఎగ్గొట్టాలనే ఉద్దేశంతో దేశం బయట ఉండిపోవడం కూడా ఆ చట్టంలో దివాలా లక్షణాల్లో ఒకటి. దాన్ని పట్టుకుని అప్పిచ్చినవాడే మన మీద పిటిషన్ వేయవచ్చు.

ఐపీ కన్నా ఎక్కువమందిని ముంచుతున్న నమ్మకం వేరే ఉంది. ప్రాంసరీ నోటు మూడేళ్లు దాటితే చెల్లదు అని. ఊళ్లో ఉన్నవాడికి ఆ మాట చాలావరకు నిజం. గల్ఫ్‌లో ఉన్నవాడికి కాదు. 1963 లిమిటేషన్ చట్టం 15వ సెక్షన్ 5వ క్లాజు ప్రకారం, అప్పు తీసుకున్నవాడు ఇండియాలో లేని కాలాన్ని ఆ మూడేళ్ల లెక్కలోంచి తీసేయాలి. లెక్క వేసి చూద్దాం. 2019 జనవరి మొదట్లో నోటు రాసి మార్చి మొదట్లో విమానం ఎక్కాడు. 2021, 2023, 2025లో రెండేసి నెలలు సెలవు మీద వెళ్లొచ్చాడు. 2025 ఆఖరుకి ఏడేళ్లు గడిచాయి అనుకుంటాడు. చట్టం లెక్కలో గడిచింది ఎనిమిది నెలలే! నోటు అలాగే బతికి ఉంది, వడ్డీ పెరుగుతూనే ఉంది. అందుకే కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగమని ఇంట్లో చెప్పండి. బాకీ తీరిన రోజే అసలు నోటు చేతికి తీసుకోవాలి. ఖాళీ నోటు మీద సంతకం పెట్టివ్వడం అంటే మీకు తోచిన అంకె వేసుకోండి అని చెప్పినట్టే.

ఇక వసూలుకొచ్చినవాళ్లు ఇంటి ముందు కూర్చుని "మీ ఆవిణ్ని జైల్లో వేయిస్తాం" అని బెదిరించడం. ఇక్కడున్న మనిషికి నిద్ర పట్టనివ్వని మాట ఇదే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ ప్రకారం, డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చేయడానికి వీల్లేదు. పైగా నోటు మీద, హామీ మీద సంతకం లేని భార్య ఆ అప్పుకు బాధ్యురాలే కాదు. మగవాడినైనా చేతిలో లేక కట్టలేకపోతే జైల్లో పెట్టకూడదని, ఉండీ ఎగ్గొడితేనే ఆ మాట అని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇంటికి తాళం వేసుకోవడానికి షావుకారుకి అధికారం లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. ఆడవాళ్లకు జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఆదాయంతో పని లేకుండా వకీలు ఉచితం. ఈ సంగతి ఇంట్లో తప్పక చెప్పండి.

ఖతర్‌లో తెచ్చిన అప్పు దారి వేరు. ఇక్కడి దివాలా నిబంధనలు 2006 వాణిజ్య చట్టంలో ఉన్నాయి, అవి వ్యాపారులకే. జీతగాడికి ఇక్కడ ఐపీ లేదు. చెక్కు బౌన్సయితే 2004 శిక్షాస్మృతి 357వ ఆర్టికల్ కింద అది నేరం. మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు, 3,000 నుంచి 10,000 రియాళ్ల జరిమానా. రూమ్మేటు లోనుకి మీరు చెక్కు రాసిస్తే ఆ శిక్ష మీదే, అతను ఎంత మంచివాడైనా సరే.

"ఎగ్జిట్ పర్మిట్ తీసేశారు కదా, ఎవరు ఆపుతారు?" అని ఒకతను అడిగాడు. 2018లో, మళ్లీ 2020లో తీసేసింది కంపెనీ ఇచ్చే పర్మిట్‌ని. అప్పు కేసులో కోర్టు వేసే ట్రావెల్ బ్యాన్ అలాగే ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లాక తెలిస్తే టికెట్ డబ్బు కూడా దండగ.

సరే, కేసు పడకముందే ఊరెళ్లిపోతే? 2020 జనవరిలో యూఏఈ కోర్టుల సివిల్ డిక్రీలను మన కోర్టులు నేరుగా అమలు చేసేలా కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ జాబితాలో ఖతర్ లేదు. అయినా ఇక్కడి తీర్పును ఆధారం చేసుకుని మూడేళ్లలోగా బ్యాంకు మన ఊరి కోర్టులో దావా వేయవచ్చు. 2024లో కువైట్ బ్యాంకు ఒకటి ఫిర్యాదు చేస్తే కేరళలో పోలీసు కేసులే పెట్టారు.

కంపెనీ ఇచ్చిన అడ్వాన్సు సంగతి కూడా అడుగుతుంటారు. 2004 కార్మిక చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం యజమాని ఇచ్చిన అప్పుకు వడ్డీ వేయకూడదు, నెలకు జీతంలో పదో వంతు మించి కోయకూడదు. అన్ని కోతలూ కలిపినా సగం దాటకూడదు. వీసా ఖర్చు అని కోసుకుంటే అది అప్పే కాదు. కార్మికుడి దగ్గర రిక్రూట్‌మెంట్ డబ్బు తీసుకోవడాన్ని అదే చట్టం 33వ ఆర్టికల్ నిషేధించింది.

వాయిదా తప్పేలా ఉంటే తప్పకముందే బ్యాంకుకు వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. కేసు పడితే ఎంబసీలో, ఐసీబీఎఫ్‌లో కలవండి. ఊళ్లో కోర్టు నోటీసు వస్తే ఇంట్లోవాళ్లు భయపడి వెనక్కి పంపేస్తుంటారు. కేసు ఆగదు, మనం లేకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది. నోటీసు తీసుకుని వాట్సప్‌లో ఫొటో పెట్టమనండి. దోహా ఎంబసీలో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే తమ్ముడో, నాన్నో మీ తరఫున వకీలును పెట్టుకోవచ్చు.